కన్నబిడ్డలు చూడనప్పుడు ఆర్డీఓ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించడం ఎలా?

పిల్లలు తిండి పెట్టకపోతే కోర్టుకెక్కాలి, లాయరును పెట్టుకోవాలి, చెప్పులరిగేలా ఏళ్ల తరబడి తిరగాలి అన్న భయంతో ఎందరో పెద్దవారు నోరు మెదపకుండా రోజులు వెళ్లదీస్తున్నారు. ఆ భయం ఇప్పుడు అవసరం లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని పార్లమెంటు 2007లో చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో దానికి నిబంధనలు రూపొందించింది. ఈ చట్టం కింద మీ ఫిర్యాదు వినేది సివిల్ కోర్టు కాదు, మీ డివిజన్‌లోని రెవెన్యూ డివిజనల్ అధికారి, అంటే ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్. దాన్ని ఎలా ఆశ్రయించాలో, ఏ దశలో ఎవరి సాయం తీసుకోవచ్చో, ఆస్తి ఇప్పటికే రాసిచ్చినవారు ఏం చేయాలో వరుసగా వివరిస్తాను. మీరు పెద్దవారు కాకపోయినా, మీ వీధిలో ఇలాంటి ఇబ్బంది పడుతున్న పెద్దవారు ఉంటే వారి తరఫున ఇది చదవండి.

ముందుగా, ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

అరవై ఏళ్లు నిండిన భారత పౌరులందరూ ఈ చట్టం దృష్టిలో వయోవృద్ధులే. తల్లిదండ్రుల విషయంలో వయసు నిబంధన కూడా లేదు. యాభై అయిదేళ్ల తల్లి అయినా తన సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని స్థితిలో ఉంటే పిల్లల నుంచి మనోవర్తి, అంటే పోషణ కోసం నెలనెలా ఇచ్చే డబ్బు, కోరవచ్చు. కన్నవారికే కాదు, దత్తత తీసుకున్నవారికీ, సవతి తల్లిదండ్రులకూ ఈ హక్కు ఉంది. ఇక బాధ్యత ఎవరిదంటే కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు, మనవరాళ్లది. పెళ్లయి వెళ్లిన కూతురికి బాధ్యత లేదన్న మాట మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది గాని, చట్టం కొడుకునూ కూతురినీ వేరుగా చూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద కూడా పెళ్లయిన కూతురిపై ఈ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. కోడలు, అల్లుడు మాత్రం ప్రస్తుత నిర్వచనంలో లేరు, కాబట్టి మనోవర్తి కోరేటప్పుడు దరఖాస్తు మీ కొడుకు మీదనో కూతురి మీదనో పెట్టాలి.

పిల్లలు లేనివారికి కూడా దారి ఉంది. మీ ఆస్తిని ఇప్పటికే అనుభవిస్తున్న బంధువు గాని, మీ తదనంతరం వారసుడిగా దాన్ని పొందబోయే బంధువు గాని మేజరై, తగిన స్తోమత కలిగి ఉంటే మిమ్మల్ని పోషించాలని 4వ సెక్షన్ చెబుతోంది. అన్నదమ్ముల పిల్లలు పొలం దున్నుకుంటూ పెద్దాయనను పట్టించుకోని సందర్భాలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

దరఖాస్తు పెట్టేముందు ఎవరితో మాట్లాడాలి?

మొదటి ఫోన్ 14567కు చేయండి. ఎల్డర్‌లైన్ అని పిలిచే ఈ జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. దీనికి బీజం పడింది మన హైదరాబాద్‌లోనే. 2017లో ఇక్కడ మొదలైన ప్రయత్నమే 2021 నాటికి దేశమంతటికీ విస్తరించింది. తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు మీ గోడు వింటారు, ఏ కార్యాలయానికి వెళ్లాలో చెబుతారు, అవసరమైతే క్షేత్రస్థాయి సిబ్బందిని పంపి ఇంట్లోవారితో మాట్లాడిస్తారు. కొన్ని ఇళ్లలో ఆ మాటలతోనే పరిస్థితి చక్కబడుతుంది. అలా జరిగితే అంతకంటే కావలసింది లేదు.

రెండో ఫోన్ 15100కు. ఇది న్యాయసేవాధికార సంస్థ నంబరు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, చాలా మండల కోర్టుల్లో మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అంటే తల్లి పేరు మీద పింఛనున్నా, పొలమున్నా ఆమెకు సాయం నిరాకరించడానికి వీల్లేదు. మిగిలిన పురుషులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. అక్కడి పారా లీగల్ వాలంటీర్లు, అంటే న్యాయ విషయాల్లో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు, దరఖాస్తు రాసిపెడతారు, కాగితాలు ఎలా జత చేయాలో చూపిస్తారు. రాయడం రానివారు దీనికోసం డబ్బు ఖర్చు పెట్టుకోవలసిన పని లేదు.

కొట్టడం, గది తలుపు గడియపెట్టి ఉంచడం, మందులు ఇవ్వకపోవడం, ఇంట్లోంచి గెంటివేయడం వంటివి జరుగుతుంటే మాత్రం ఈ వరుసక్రమం పక్కన పెట్టి వెంటనే 112కు ఫోన్ చేయండి. వృద్ధులను వదిలించుకోవాలన్న ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టి వెళ్లడం ఈ చట్టంలోని 24వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. వారెంటు లేకుండానే పోలీసులు చర్య తీసుకోగలిగిన నేరమిది, కాబట్టి 'ఇది మీ ఇంటి గొడవ, మీరే తేల్చుకోండి' అని స్టేషన్‌లో ఎవరైనా అంటే ఆ సెక్షన్ నంబరు చెప్పండి.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

వయసుకు, నివాసానికి ఆధారంగా ఆధార్ కార్డు, పిల్లలతో బంధుత్వం తెలిపే రేషన్ కార్డు గాని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం గాని, మీ బ్యాంకు పాసుపుస్తకం నకలు, ఆసుపత్రి చీటీలు, నెలవారీ మందుల బిల్లులు సరిపోతాయి. ఆస్తి ఇచ్చి ఉంటే ఆ దస్తావేజు నకలు తప్పనిసరి. అసలు దస్తావేజు కొడుకు దగ్గరే ఉండిపోయిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగనక్కరలేదు, రిజిస్టరైన ఏ దస్తావేజుకైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. దస్తావేజు నంబరు గుర్తులేకపోతే ఆ ఆస్తికి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తే అందులో కనిపిస్తుంది. పిల్లల ఉద్యోగం, జీతం, వ్యాపారం, పొలం గురించి మీకు తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసుకోండి. రుజువులు తెమ్మంటారేమోనని వెనకాడకండి. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి ట్రిబ్యునల్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలే ఉన్నాయి.

దరఖాస్తు ఎలా రాయాలి?

ఆర్డీఓ కార్యాలయంలో నమూనా ఫారం ఉంటే అందులో, లేకపోతే తెల్లకాగితం మీద రాయవచ్చు. కోర్టు ఫీజు స్టాంపులు అంటించి వేయవలసిన దావా కాదిది. మీరు ప్రస్తుతం ఉంటున్న చోటులో గాని, ఇంతకుముందు చివరగా ఉన్నచోట గాని, పిల్లలు ఉంటున్న జిల్లాలో గాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది పెద్ద వెసులుబాటు: కొడుకు ఇంట్లోంచి బయటికి వచ్చి కూతురి దగ్గర తలదాచుకుంటున్న తల్లి, ఆ కూతురు ఉన్న ఊళ్లోనే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. మీరు కదలలేని స్థితిలో ఉంటే మీరు అధికారమిచ్చిన మరో వ్యక్తి గాని, స్వచ్ఛంద సంస్థ గాని మీ తరఫున ఇవ్వవచ్చు. విషయం తన దృష్టికి వస్తే ట్రిబ్యునల్ తనంత తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు.

దరఖాస్తులో మీ కష్టాలన్నీ పేజీల కొద్దీ రాయాలనిపించడం సహజం. కానీ అధికారి ముందుగా వెతికేది నాలుగు సంగతుల కోసం: మీరెవరు, ఎవరి మీద పెడుతున్నారు, వారికి ఉన్న స్తోమత ఏమిటి, మీకు నెలకు ఎంత కావాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: 'నా వయస్సు 71 సంవత్సరములు. నాకు సొంత ఆదాయము లేదు. నా పెద్ద కుమారుడు ప్రభుత్వ ఉద్యోగి, చిన్న కుమారుడు ఎరువుల దుకాణము నడుపుచున్నాడు. నాకు ఉన్న రెండు ఎకరముల పొలమును వారిరువురికి రాసి యిచ్చితిని. గత సంవత్సర కాలముగా ఇద్దరూ నన్ను పోషించుట లేదు. భోజనము, ఇంటి అద్దె, షుగరు, బీపీ మందుల నిమిత్తము నెలకు ఇంత మొత్తము అవసరము కలదు. కావున నాకు నెలవారీ మనోవర్తి ఇప్పించవలసినదిగాను, విచారణ ముగియు లోపల మధ్యంతర మనోవర్తి మంజూరు చేయవలసినదిగాను కోరుచున్నాను.' ఆ చివరి వాక్యం మరచిపోవద్దు. తుది ఉత్తర్వు వచ్చేదాకా చేతిలో రూపాయి లేకుండా ఎదురుచూడవలసిన అవసరం లేకుండా మధ్యంతర మనోవర్తి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అడిగినవారికే అది తేలిగ్గా దక్కుతుంది.

ఒకరి కంటే ఎక్కువమంది పిల్లలుంటే అందరి పేర్లూ చేర్చడమే మంచిది. ఒక్కరి మీదే పెడితే, మిగిలినవారికీ బాధ్యత ఉందంటూ అతడు వారిని చేర్చమని కోరతాడు, దాంతో కాలం గడుస్తుంది. బాగా చూసుకుంటున్న కూతురి పేరు చేర్చడానికి మనసు ఒప్పకపోవచ్చు. అలాంటప్పుడు ఆమె మిమ్మల్ని పోషిస్తున్న సంగతిని దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి.

దరఖాస్తు ఇచ్చాక ముద్ర వేసిన రసీదు గాని, మీ నకలు మీద సంతకం గాని తీసుకోనిదే కార్యాలయం బయటికి రావద్దు. ఎవరైనా తీసుకోవడానికి తటపటాయిస్తే, అందినట్లు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఆర్డీఓ పేరిట పంపండి. సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే కార్యక్రమంలో, తెలంగాణలోనైతే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరో ప్రతి ఇవ్వండి.

విచారణలో ఏం జరుగుతుంది?

పిల్లలకు నోటీసు వెళుతుంది. ముందుగా రాజీకి ప్రయత్నించడానికి ట్రిబ్యునల్ విషయాన్ని రాజీ అధికారికి అప్పగించవచ్చు. ఆయన నెలలోగా తన నివేదిక ఇవ్వాలి. రాజీ కుదిరితే సంతోషమే, కానీ నోటిమాట రాజీకి ఒప్పుకోవద్దు. ఎవరు, ఎంత, నెలలో ఏ తేదీన, ఏ బ్యాంకు ఖాతాలో వేస్తారో రాతపూర్వకంగా ఉండి, దాని ప్రకారం ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇస్తేనే రేపు ఆగిపోయినప్పుడు అడిగే హక్కు మిగులుతుంది. పెద్దమనుషుల ముందు 'మీ ఇష్టప్రకారమే కానివ్వండి' అని దరఖాస్తు వెనక్కి తీసుకుని, రెండు నెలలు తిరగకముందే మళ్లీ మొదటికొచ్చే పరిస్థితి ఈ విషయంలో సర్వసాధారణం.

ఈ ట్రిబ్యునల్ ముందు ఇరుపక్షాలకూ లాయర్లు ఉండకూడదని 17వ సెక్షన్ చెబుతుంది. కొన్ని హైకోర్టులు ఈ నిషేధాన్ని అంగీకరించలేదు, కాబట్టి అవతలివారు లాయరుతో వచ్చినా కంగారు పడకండి. మీరు కోరుకుంటే మీ తరఫున మాట్లాడడానికి పోషణ అధికారి ఉంటారు. జిల్లా స్థాయి సంక్షేమ అధికారి ఆ బాధ్యతలో ఉంటారు. ఆయన సాయం కావాలని దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి.

నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో దరఖాస్తు పరిష్కారం కావాలని, అసాధారణ పరిస్థితుల్లో కారణాలు రాసి ఒక్కసారి మాత్రం మరో 30 రోజులు పొడిగించవచ్చని చట్టం చెబుతోంది. ఆర్డీఓలకు భూముల తగాదాలు, ప్రోటోకాల్ పనులు, ఎన్నికల బాధ్యతలు ఎక్కువగా ఉండడంవల్ల ఈ గడువు దాటిపోవడం జరుగుతూనే ఉంటుంది. అది తప్పు, దాన్ని మామూలు విషయంగా తీసుకోకూడదని నా అభిప్రాయం. గడువు దాటితే వాయిదాల తేదీలన్నీ పేర్కొంటూ కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. పిల్లలు కావాలని నోటీసు తప్పించుకుంటుంటే, వారు లేకుండానే విచారణ జరిపి ఉత్తర్వు ఇవ్వమని అడిగే వీలుంది. కొడుకు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నాడన్న కారణంతో కూడా వెనకాడవద్దు. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఈ చట్టం వర్తిస్తుంది, వారికి సమన్లు పంపే పద్ధతి కూడా చట్టంలోనే ఉంది.

ఉత్తర్వు వచ్చాక

మనోవర్తిలో తిండి, బట్ట, నివాసం, వైద్యం అన్నీ కలిసి ఉంటాయి. ఈ చట్టం కింద గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. పిల్లలు బాగా సంపాదిస్తూ, మీ వైద్య ఖర్చులే అంతకు మించి ఉంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులోనో ఫ్యామిలీ కోర్టులోనో దరఖాస్తు చేసుకోవడం మేలు. అక్కడ ఆ పరిమితి లేదు, మీరున్న ఊళ్లోనే వేసుకోవచ్చు. అయితే రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. త్వరగా తేలాలంటే ట్రిబ్యునల్, ఎక్కువ మొత్తం అవసరమైతే కోర్టు అన్నది స్థూలంగా గుర్తుంచుకుని, తుది నిర్ణయం న్యాయసేవాధికార సంస్థలో అడిగి తీసుకోండి.

ఉత్తర్వు ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. ఉత్తర్వు వెలువడిన 30 రోజుల్లోగా పిల్లలు ఆ మొత్తం జమచేయాలి. జమ చేయకపోతే ట్రిబ్యునల్ వసూలుకు వారెంటు జారీచేయవచ్చు, అయినా చెల్లించకపోతే నెల వరకు లేదా చెల్లించే దాకా, ఏది ముందైతే అది, జైలుకు పంపవచ్చు. ఇక్కడ ఒక గడువును మరువకండి: బకాయి పడిన తేదీ నుంచి మూడు నెలల్లోగా మీరు వసూలుకు దరఖాస్తు పెట్టకపోతే ఆ బకాయికి వారెంటు రాదు. వచ్చేనెల ఇస్తాడులే అని ఎదురుచూసి ఈ హక్కు పోగొట్టుకునేవారే ఎక్కువ. ఒక నెల డబ్బు రాకపోతే రెండో నెలలోనే కాగితం పెట్టండి.

ఉత్తర్వు మీకు సంతృప్తి కలిగించకపోతే 60 రోజుల్లోగా కలెక్టరు అధ్యక్షతన ఉండే అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అప్పీలు నడుస్తున్నా పిల్లలు మనోవర్తి ఆపకూడదు. ఖర్చులు పెరిగినా, ఆరోగ్యం దెబ్బతిన్నా మొత్తాన్ని మార్చమని తిరిగి అడగవచ్చు.

ఆస్తి ఇప్పటికే రాసిచ్చినవారు

మన రాష్ట్రాల్లో వృద్ధుల కష్టానికి అసలు మూలం ఇక్కడుందని నేను నమ్ముతాను. రక్తసంబంధీకులకు స్టాంపు డ్యూటీ తక్కువ కావడంవల్ల, తర్వాత తగాదాలు రావన్న ఆశవల్ల, ఉన్న ఇల్లూ పొలమూ దాన సెటిల్‌మెంట్ కింద పిల్లలకు రాసేసి, ఆ మరుసటి ఏడాది నుంచి అదే ఇంట్లో పరాయివారిలా బతుకుతున్నవారు ఎందరో. వారికోసమే 23వ సెక్షన్ ఉంది. చట్టం అమల్లోకి వచ్చాక, తమను పోషించాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండి, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదలాయింపు మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్లుగా భావించి ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటించవచ్చు.

షరతు ఉండడమే ఇక్కడ కీలకం. ప్రేమతో ఇచ్చినంత మాత్రాన సరిపోదని, షరతు ఉన్నట్లు చూపాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో అదే సుప్రీంకోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని చెబుతూ, తల్లిని పోషిస్తానని కొడుకు రాసిచ్చిన ప్రత్యేక హామీపత్రాన్ని కూడా పరిగణించి దానపత్రాన్ని రద్దు చేసింది. ఆస్తిని స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని తేల్చింది. కాబట్టి మీ దస్తావేజును మరొకరితో నిదానంగా చదివించుకోండి. 'పోషణ', 'ఆలనాపాలనా', 'జీవితాంతం చూచుకొనుటకు అంగీకరించి' వంటి మాటలుంటే వాటి కింద గీత గీయండి. అవి లేకపోతే, అదే రోజుల్లో పిల్లలు రాసిచ్చిన కాగితాలు, పెద్దమనుషుల ఒప్పందాలు వెతకండి. ఏదీ దొరకనివారికి కూడా మనోవర్తి హక్కు ఎక్కడికీ పోదు. ఆస్తి తిరిగి రావడం కష్టమైనా నెలవారీ పోషణ కోరవచ్చు.

మీరే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రద్దు దస్తావేజు రాసేస్తే చాలని సలహా ఇచ్చేవారుంటారు. ఇచ్చి, పుచ్చుకోవడం పూర్తయిన దానాన్ని ఇచ్చినవారు తమ ఇష్టం మీద వెనక్కి తీసుకోవడాన్ని ఆస్తి బదలాయింపు చట్టం సాధారణంగా ఒప్పుకోదు. డబ్బు ఖర్చుపెట్టి చిక్కుల్లో పడకుండా ట్రిబ్యునల్ ద్వారానే వెళ్లండి. మీ సొంత ఇంట్లో ఉంటూ వేధిస్తున్న కొడుకును ఖాళీ చేయించమని కోరే వీలు కూడా ఉంది. అయితే ఆ ఇంట్లో ఉంటున్న కోడలికి గృహహింస చట్టం కింద నివాసహక్కు ఉంటే రెండు హక్కులనూ తూచి నిర్ణయించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

కేసుతో సంబంధం లేకుండా అందే సాయం

ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటిన అర్హులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు ఇంటి దగ్గరే అందుతున్నాయి, దరఖాస్తు గ్రామ, వార్డు సచివాలయంలో. తెలంగాణలో 57 ఏళ్ల నుంచి వృద్ధాప్య పింఛను ఉంది. గ్రామ పంచాయతీలో గాని మున్సిపాలిటీలో గాని అడగాలి. డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది, ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. ఉండడానికి చోటే లేనివారు జిల్లా వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయంలో వృద్ధాశ్రమాల వివరాలు కోరండి.

ఇంకా ఆస్తి రాయనివారు

మీ పేరు మీద ఆస్తి ఇంకా ఉంటే తొందరపడకండి. వీలునామా రాస్తే మీ జీవితకాలమంతా ఆస్తి మీదే, మనసు మారితే వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడం మంచిది. బతికుండగానే ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, దస్తావేజు రాసే వ్యక్తికి ఈ వాక్యాలు చూపించి యథాతథంగా చేర్చమని పట్టుబట్టండి: 'పై ఆస్తిని పొందిన నా కుమారుడు నా యొక్కయు, నా భార్య యొక్కయు జీవితకాలమంతయు మాకు తిండి, బట్ట, నివాసము, వైద్యము సమకూర్చవలెను. అటుల సమకూర్చని పక్షమున ఈ సెటిల్‌మెంటును రద్దు చేయించుకొనుటకు మాకు హక్కు కలదు. మా జీవితకాలము వరకు ఈ ఇంటిలో నివసించు హక్కును, దీనిపై వచ్చు ఆదాయమును అనుభవించు హక్కును మేము అట్టిపెట్టుకొనుచున్నాము.' నమ్మకం లేదా అని కొడుకు నొచ్చుకుంటే, నిజంగా చూసుకునేవాడికి ఈ వాక్యాల వల్ల పోయేదేమీ లేదని నెమ్మదిగా చెప్పండి. సంతకం పెట్టేముందు దస్తావేజు మొత్తాన్ని మీకు వినిపించేలా చదివించుకోండి, ఆ వాక్యాలు తుది ప్రతిలో కూడా ఉన్నాయో లేదో చూసుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక అసలు ఎవరి దగ్గరున్నా ఒక సర్టిఫైడ్ కాపీ తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి.